మైనస్ గారి చలిగది

మా ఆయన్ని ఈ చుట్టుపక్కల ఎవరూ పేరుపెట్టి పిలవరు. మైనస్ అంటారు. చేపలూ మాంసమూ దాచే కోల్డ్ స్టోరేజీలో చలిగదులు చూసుకునే ఉద్యోగం ఆయనది. దారిలో ఎవరైనా "ఎలా ఉన్నావ్?" అని అడిగితే "మైనస్ ఇరవై, ఏం ఢోకా లేదు" అంటాడు. తన సంగతి అడిగితే గది సంగతి చెప్పే మనిషి. నన్ను మైకు అంటారు. బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎప్పుడు బయలుదేరుతుందో మైకులో చెప్పేది నేనే. ఇంట్లో కూడా అదే గొంతు పెడతానని ఆయన గోల. మా ఇద్దరికీ సంబంధం కుదిర్చినవాళ్ళెవరో గానీ, పనిగట్టుకుని చేసినట్టుంది.

ఆయన పని గురించి కాస్త చెప్పాలి. చెప్పకపోతే తర్వాత ఆయన చేసిన ఘనకార్యం మీకు అర్థం కాదు. చలిగది తలుపు జానెడు మందం ఉంటుంది. లోపలికి వెళ్ళాలంటే దళసరి కోటు, చేతులకు రెండేసి తొడుగులు, చెవులు కప్పే టోపీ ఉండాలి. ఆ గదిలోకి అట్టపెట్టె రానివ్వడు. తలుపు తీసినప్పుడల్లా లోపలికి వచ్చే తేమకు అట్ట మెత్తబడి, పైబరువుకు చిట్లి, సరుకంతా కూలుతుందట. ఏది వచ్చినా అట్ట విప్పి బయట పారేసి, ట్రేలోకో స్టీలు డబ్బాలోకో మార్చాకే లోపల పెట్టాలి. కొత్తగా చేరిన హమాలీ ఒకడు అట్టతో సహా లోపలికి తోస్తే, నోరు తెరిచి ఎవర్నీ పల్లెత్తు మాట అనని మనిషి వాణ్ణి నానా మాటలూ అన్నాడు. చలి పుట్టించే కంప్రెసర్ చప్పుడు కాస్త మారితే టీ గ్లాసు ఎక్కడిదక్కడ వదిలేసి పరుగెడతాడు. ఆయన లెక్కలో లోకంలో ఏది పాడైనా కారణం ఒక్కటే, చలి చాలకపోవడం. చలి ఎక్కువై పాడయ్యేది ఒకటి ఉంటుందని ఆయనకెవరూ చెప్పలేదు, ఆయనెవర్నీ అడగలేదు. మా ఇంట్లో ఉన్న ఫ్రిజ్ అంటే ఆయనకు మహా చులకన. కరెంటు పోయినప్పుడల్లా దాని తలుపు మీద ఒకటి చరిచి, "నువ్వొక ఫ్రిజ్జువా? బట్టల బీరువావి!" అనేవాడు.

నా జబ్బు మైకు దగ్గరే బయటపడింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయేదాన్ని. ఊపిరి అందేది కాదు. గాలి పీల్చుకుని మళ్ళీ అందుకునేసరికి బస్సు సగం కదిలేది. డ్రైవర్లు నా గాజు కిటికీ దగ్గరికొచ్చి, "ఏంటమ్మా మైకూ, విజ్ఞప్తి దగ్గరే దిగిపోయావ్?" అని ఆటపట్టించేవాళ్ళు. మామూలుగా అయితే వాళ్ళ నోళ్ళు మూయించేదాన్ని. బదులు చెప్పడానికి కూడా ఓపిక లేక ఊరుకున్నాను. అది చూసి నాకే భయం వేసింది. మెట్లెక్కితే గుండె దడదడ. అద్దంలో చూసుకుంటే పెదవులు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి.

పరీక్షలన్నీ చేసి, రెండు కిడ్నీలూ చాలావరకు పాడయ్యాయని చెప్పింది డాక్టరమ్మ. భయపడితే నేను దబాయిస్తాను, అది నా గుణం.

"అదేంటండీ, నాకు మూత్రం బాగానే వస్తోంది. ఆయాసం వస్తోందని నేనొస్తే మీరు కిడ్నీ అంటారేంటి?" అన్నాను.

డాక్టరమ్మ విసుక్కోలేదు. "కిడ్నీ అంటే మురికి వడకట్టే జల్లెడ అనుకుంటారమ్మా అందరూ. దానికి ఇంకో పని కూడా ఉంది. రక్తంలో ఆక్సిజన్ సరిపోతోందా లేదా అని కిడ్నీలో కొన్ని కణాలు ఎప్పుడూ కనిపెట్టుకునే ఉంటాయి. తగ్గిందనిపిస్తే ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోన్ తయారుచేసి రక్తంలోకి వదుల్తాయి. అది ఎముకల లోపలున్న మజ్జకి చేరుతుంది. ఎర్రకణాలు తక్కువయ్యాయి, త్వరగా తయారుచెయ్యండి అని చెప్పడమన్నమాట. ఆక్సిజన్ని ఒళ్ళంతా మోసేది ఆ ఎర్రకణాలే కదా. మీ మజ్జకేం రోగం లేదు. దానికి చెప్పాల్సిన కిడ్నీయే నోరు మూసుకుంది."

"అంటే లోపల కూడా మైకు పోయిందన్నమాట," అన్నాను.

"బాగా చెప్పారు," అని నవ్విందామె. నేనూ నవ్వాను.

దారి కూడా ఆవిడే చెప్పింది. మా అక్క కిడ్నీ నాకు సరిపోయింది. అక్క బడి పిల్లల వ్యాను నడుపుతుంది. నోరు నాకంటే పెద్దది. "చిన్నప్పుడు నా రిబ్బన్లన్నీ అడక్కుండా పట్టుకుపోయేదానివి. ఇదొక్కటీ అడిగి తీసుకుంటున్నావ్, పోనీలే బుద్ధొచ్చింది," అంది. అంతకు మించి ఒక్క మాట మాట్లాడలేదు, ఒక్క పరీక్షకీ వెనకాడలేదు. అక్కకి సెలవులు దొరికే నాటికి ఆపరేషన్ చేద్దామన్నారు. అందాకా ఆ హార్మోన్నే బయట తయారుచేసి సూదిమందుగా ఇస్తారు కాబట్టి, వారానికొకటి చొప్పున పొడిపించుకుంటూ రక్తం పెంచుకోవాలి.

వచ్చేస్తుంటే డాక్టరమ్మ మమ్మల్ని ఆపింది. "ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ప్రాణం మీదకొస్తే తప్ప ఈవిడకి రక్తం ఎక్కించకూడదు. వేరేవాళ్ళ రక్తం లోపలికెళ్తే, పరాయి కణాలు ఎలా ఉంటాయో ఒళ్ళు గుర్తుపట్టేస్తుంది. వాటి మీదకి యుద్ధానికి సిద్ధమవుతుంది. తర్వాత అక్కగారి కిడ్నీ పెడదామన్నా ఒళ్ళు దాన్ని బతకనివ్వకపోవచ్చు. మనకి ఉన్న దాత ఒక్కరే. ఈ ఇంజక్షన్లే మనకి దిక్కు."

మా ఆయన ఆ మాటను మనసులో కాదు, ఎముకల్లో పెట్టుకున్నాడు. నెలకు సరిపడా మందు సీసాలు ఇచ్చి, చల్లగా ఉంచమన్నారు. ఆస్పత్రి గేటు దాటకముందే, "మన బీరువాలో పెడితే కొంప మునుగుతుందే. నా దగ్గర పెడతాను. అక్కడైతే కరెంటు పోయినా జనరేటర్ ఉంది," అన్నాడు. నాకూ బాగానే తోచింది. ఊళ్ళో కల్లా గట్టి చలిగదికి నా మొగుడు కాపలా ఉండగా, కరెంటు కోతల ఇంట్లో ప్రాణం లాంటి మందు ఎందుకు పెట్టుకుంటాం? పద్ధతి ప్రకారం అట్టడబ్బాలు విప్పి పారేశాడు. చిన్న చిన్న సీసాల్ని గుడ్డలో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, అన్నిటికంటే చల్లటి గదిలో పై అరలో పెట్టుకున్నాడు. దాని మీద ఎవరి చెయ్యీ పడనివ్వలేదు. వారం వారం ఒక సీసా జేబులో వేసుకుని నడిచి వచ్చేవాడు. మా వీధి చివర క్లినిక్‌లో నర్సు దాన్ని నా చేతికి పొడిచేది. సీసా ఇంకా చల్లగానే ఉందని ఆవిడకి చూపించి మురిసిపోయేవాడు.

నెల గడిచింది. రక్తం పెరగలేదు. తగ్గింది.

డాక్టరమ్మ మందు ఎక్కువ చేసింది. ఇనుము కూడా ఎక్కించారు. "మందు చల్లగానే ఉంచుతున్నారు కదా?" అని అడిగింది.

"అంతకంటే చల్లగా ఎవరూ ఉంచలేరు డాక్టరమ్మా," అన్నాడాయన ఛాతీ విరుచుకుని. ఆవిడ నవ్వి తల ఊపింది. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే ఆవిడ సొమ్మేం పోయేది?

ఆ తర్వాత పరీక్షలో ఇంకా తగ్గింది. ఈసారి డాక్టరమ్మ మొహంలో నవ్వు లేదు. అరుదుగా కొందరికి ఒళ్ళు ఈ మందునే శత్రువనుకుంటుందట. అప్పుడు ఏ ఇంజక్షనూ పనిచెయ్యదు, ఒంట్లో మిగిలిన కాస్త సొంత హార్మోన్ని కూడా చంపేస్తుంది, ఇక బతికినంత కాలం వాళ్ళవీ వీళ్ళవీ రక్తాలు ఎక్కించుకుంటూ ఉండాల్సిందే. దానికి పరీక్ష పంపిస్తానంది. ఇంటికొస్తుంటే బస్సులో ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఎవరి చెయ్యి చల్లగా ఉందో తెలియలేదు.

భయం అంటే ఏమిటో నేను అప్పుడు చూశాను. పక్కకు తిరిగి పడుకుంటే చెవిలో గుండె చప్పుడు. అది ఎక్కడ ఆగుతుందోనని చెవి రిక్కించి వింటూ ఉండేదాన్ని. బస్టాండులో నా కుర్చీలో ఇంకో అమ్మాయి కూర్చుంది. నా ఒళ్ళు నాకే పరాయిదైపోయింది. అక్క ఇచ్చేదాన్ని కూడా ఇది ఇలాగే కొట్టి చంపుతుందేమోనని, నా చేతుల వంక నేనే అనుమానంగా చూసుకునేదాన్ని. మా ఆయన మటుకు మందు ఎవరూ తాకకుండా చలిగదికి ఇంకో తాళం వేయించాడు.

ఆ రోజు వాన. కంపెనీ వ్యాను మా వైపు వస్తుంటే, తడవకుండా ఆయన అందులో ఎక్కి వచ్చేశాడు. నేను అప్పటికే క్లినిక్‌లో బల్ల మీద కూర్చుని ఉన్నాను. ఆయన జేబులోంచి సీసా తీసి ఇచ్చాడు. నర్సు దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, వంచి, మళ్ళీ చూసింది.

"ఇదేంటి, గడ్డ కట్టేసి ఉంది?"

"వ్యాన్లో వచ్చాను కదా సిస్టర్, కరగడానికి టైం చాల్లేదు. కాసేపు గుప్పిట్లో పట్టుకోండి, నీళ్ళయిపోతుంది. ఎప్పుడూ నడిచొచ్చేసరికి నా జేబులోనే కరిగిపోయేది," అన్నాడు నవ్వుతూ.

నర్సు మొహంలో రక్తం లేదు. నాకు లేకపోవడం మామూలే, ఆవిడకీ లేదు. "అన్నీ ఇలాగే పెట్టారా?"

"అన్నీ మైనస్ ఇరవైలోనే. ఒక్కటి కూడా బయట ఉంచలేదు."

"అయ్యో, ఎంత పని చేశారండీ! గడ్డ కడితే ఈ మందు చచ్చిపోతుంది. మళ్ళీ కరిగినా చూడ్డానికి మందులా ఉంటుందంతే. చల్లగా ఉంచాలి గానీ గడ్డ కట్టనివ్వకూడదు. అట్టడబ్బా మీద పెద్దక్షరాలతో ఉంటుంది కదా!"

ఆయన నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, తియ్యడం మర్చిపోయినట్టు. అట్టడబ్బాలు ఎక్కడున్నాయో మా ఇద్దరికీ తెలుసు. నాకు కోపం తన్నుకొచ్చింది. నోరు తెరిచి ఆయన్ని దులిపేద్దామనుకున్నాను. ఊపిరి అందలేదు. అదీ మంచిదే అయింది. ఆయన గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుండిపోయాడు. ఇన్ని వారాలుగా నేను నీళ్ళు పొడిపించుకున్నానన్నమాట.

డాక్టరమ్మ ఫోన్లో అంతా రెండుసార్లు చెప్పించుకుని వింది. తర్వాత, "నేను అడిగాను కూడా," అంది తనలో తాను అనుకున్నట్టు. కొత్త సీసాలు వెంటనే ఇప్పించింది. ఒళ్ళు మందుని శత్రువనుకోవడం లేదని పరీక్షలో తేలింది. ఆ కబురుకి గంతులెయ్యాలి. వెయ్యడానికి వీల్లేదు, ఎందుకంటే ఆ హార్మోన్ మజ్జకి చేరి, కొత్త కణాలు పుట్టి, రక్తంలోకి రావడానికి వారాలు పడుతుంది. నా దగ్గర అన్ని వారాలకు సరిపడా రక్తం ఉందా అన్నదే అసలు భయం.

"కదలకండి. మెట్లు ఎక్కొద్దు, బరువులెత్తొద్దు. గుండెల్లో నొప్పి వస్తే మాత్రం దాచకండి," అంది డాక్టరమ్మ.

కదలకుండా పడుకున్నాను. అక్క కిడ్నీ అక్క దగ్గర క్షేమంగా ఉంది, నా రక్తం ఇంకొన్నాళ్ళు ఆగితే చాలు. మా ఆయన సెలవు పెట్టి మంచం పక్కనే కూర్చున్నాడు. నా ఛాతీ వంకే చూస్తూ ఉండేవాడు. "అలా చూడకండి, నాకు భయమేస్తోంది," అంటే మొహం తిప్పుకుని, కాసేపటికి మళ్ళీ చూసేవాడు. కొత్త సీసాల జోలికి మాత్రం వెళ్ళలేదు. క్లినిక్ ఫ్రిజ్‌లోనే ఉంచమని నర్సు కాళ్ళావేళ్ళా పడ్డాడు.

ఒక మధ్యాహ్నం తల దువ్వుకుందామని చెయ్యి పైకెత్తాను. అంతే. గుండెల మీద ఎవరో మోకాలు వేసి నొక్కినట్టయింది. దువ్వెన జారిపోయింది. దాచాలనే అనుకున్నాను. ఆయన చూసేశాడు.

ఆస్పత్రిలో రక్తం సీసా తెచ్చి వేలాడదీస్తుంటే నేను డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని, "వద్దండీ. ఇంకొక్క వారం ఆగుతాను. అక్కది పోతుంది," అన్నాను.

"ఆగే గుండె కాదమ్మా ఇది. తెల్లకణాలు వడకట్టి తీసేసిన రక్తమే ఎక్కిస్తాం. ప్రమాదం తగ్గుతుంది. అసలే ఉండదని మాత్రం చెప్పలేను."

అప్పటిదాకా గోడ దగ్గర నిలబడ్డ మా ఆయన ముందుకొచ్చాడు. జీవితంలో నా మాటకి ఎదురు చెప్పని మనిషి. "ఎక్కించండి డాక్టరమ్మా. కిడ్నీ సంగతి తర్వాత. ముందు మనిషి కావాలి నాకు," అని బావురుమన్నాడు. రక్తం ఎక్కించారు. చుక్క చుక్కా గొట్టంలో దిగుతుంటే, నా ప్రాణం నిలుస్తోందని సంతోషించాలో, అక్క ఇచ్చేది చేజారుతోందని ఏడవాలో తెలియక, కళ్ళు మూసుకుని పడుకున్నాను.

నొప్పి తగ్గింది. పెదవులకి రంగొచ్చింది. కొన్ని వారాలు పోయాక అక్క రక్తాన్నీ నా రక్తాన్నీ కలిపి మళ్ళీ పరీక్ష చేశారు.

కబురు చెప్పడానికి డాక్టరమ్మ ముగ్గుర్నీ కూర్చోబెట్టింది. ఆవిడ కుర్చీ ముందుకు లాక్కోవడం చూడగానే నాకు అర్థమైపోయింది. నా రక్తం ఇప్పుడు అక్క కణాల మీదికి వెళ్తోంది. పెడితే గంటల్లో కిడ్నీ చచ్చిపోతుంది. ఇక డయాలసిస్ మొదలుపెట్టాలి. కొంతకాలానికి మళ్ళీ పరీక్ష చేద్దాం, ఆశ వదులుకోవద్దు, కానీ మాట ఇవ్వలేనంది.

అక్క పక్కడొక్క మీద చెయ్యి వేసుకుంది. "నాది మంచిది కాదా? నాలో ఏమన్నా లోపముందా?" అంది. అంత పెద్ద గొంతూ పిల్లి గొంతయిపోయింది.

నేను నోరు తెరిచేలోపు మా ఆయన లేచి నిలబడ్డాడు. "నీలో లోపం లేదు వదినా. మందు నేను గడ్డకట్టించాను. నేనే." జరిగిందంతా చెప్పాడు. ఒక్క ముక్క తగ్గించలేదు. అక్క తిడుతుందని, లేచి కొడుతుందని నేను వణికిపోయాను. "మరి దీన్నేం చెయ్యను నేను?" అంది అక్క, చెయ్యి పక్కడొక్క మీదే ఉంచి.

డయాలసిస్ మొదలైంది. మెషిన్‌తో రక్తం కడగడానికి సూదులు గుచ్చిన చేతికి కట్టు. కిడ్నీ నోరు తెరిచేది లేదు కాబట్టి, సూదిమందు మాత్రం మామూలే. మా వీధి క్లినిక్ మూతపడింది. మందు మళ్ళీ మేమే ఇంట్లో ఉంచుకోవాల్సి వచ్చింది. ఆస్పత్రి కిటికీలోంచి మందులాయన ఐసు సంచిలో పెట్టిన సీసాల్ని మా ముందుకు తోశాడు. మా ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నేను పట్టుకోను. నువ్వు పట్టుకో."

"నా చేతికి కట్టుందండీ."

"నాకు భయంగా ఉందే," అన్నాడు. మైనస్ ఇరవైలో పదేళ్ళు నిలబడ్డ మనిషి, వెనక జనం చూస్తుండగా గడగడ వణికిపోతున్నాడు.

"నాకూ భయమే. పొద్దున లేచిన దగ్గర్నుంచీ భయమే. మీరు పట్టుకుంటేనే ఇంటికెళ్దాం. లేకపోతే ఇక్కడే కూర్చుంటాను," అన్నాను. నా పాత గొంతు కాస్త తిరిగొచ్చింది. జనం దారిచ్చారు.

రెండు చేతులతో పట్టుకున్నాడు. బస్సులో కూర్చున్నాక సంచి తెరిచి చూశాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. సీసాకీ ఐసుకీ మధ్య గుడ్డ సరిగ్గా ఉందో లేదో వేలితో తడిమాడు. రెండు స్టాపులు దాటాక ఒక సీసా తీసి, నా అరచేతిలో మెల్లగా ఆనించాడు.

"చల్లగా ఉందా? మరీ చల్లగా లేదు కదా? నా చేతులకి తెలీదే, మొద్దుబారిపోయాయి. నువ్వు చెప్పు."

నాకు మాత్రం ఏం తెలిసి చస్తుంది? ఆయన నా మొహం వంకే చూస్తున్నాడు. కంప్రెసర్ చప్పుడు మారినప్పుడు పెట్టే మొహం అది.

"సరిగ్గా ఉందండీ," అన్నాను.